తొడుగు కింద

మీటరు మీద అంకె కదలకుండా నిలిచేదాకా వెరోనా ఎవరితోనూ మాట్లాడదు. ఆ వేళ కూడా గింజంత కాయిల్‌ని మీటరు నెత్తిన మర తిప్పి బిగించి, వేళ్లు వెనక్కి తీసుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని చూసింది. 0.53 అని వెలిగింది. తర్వాత 0.51. చివరికి 0.50 దగ్గర ఆగింది.

"అర ఓమ్," అంది.

"నేను వచ్చిన ప్రతిసారీ ఆ మాట అంటావు, నేనూ ప్రతిసారీ తలూపుతాను," అంది కౌంటరుకి ఇవతల నిలబడ్డ ఆంటీ మిల్లీ. "ఇవాళ చెప్పి తీరాలి. ఓమ్ అంటే ఏమిటి? తినేదా, తాగేదా?"

వెనక నిలబడ్డ ఇద్దరు టాక్సీ డ్రైవర్లు నవ్వారు.

బుధవారం. రెండు గంటలకి కరెంటు పోతుంది. అందుకే మిచెల్స్ ప్లెయిన్ టౌన్ సెంటర్‌లో ప్రతి దుకాణం ముందూ జనం తొందరపడుతున్నారు. విగ్గుల కొట్టుకీ చేపల వేపుడు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఈ చిన్న ఈ-సిగరెట్ దుకాణంలో వెరోనా నాలుగేళ్లుగా పని చేస్తోంది. సిగరెట్ మానాలని వచ్చేవాళ్లలో సగం మంది ఆమె కోసమే వస్తారు. ఆంటీ మిల్లీ అయితే ఆమె కనబడకపోతే గుమ్మంలోంచే వెనక్కి తిరిగిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్లు సిగరెట్ తాగిన మనిషి. మానేసి తొమ్మిది వారాలైంది.

"ఇది గొంతు అనుకోండి ఆంటీ," అంటూ వెరోనా కాయిల్‌ని చిటికెన వేలి మీద నిలబెట్టింది. "మీ పాత పెన్నులాంటి మెషీన్‌లో గొంతు ఇరుకు. ఒకటీ పాయింట్ రెండు ఓములు. కరెంటు కొంచెం కొంచెంగా దిగుతుంది. ఇందులో అంకె చిన్నది, అంటే గొంతు పెద్దది. కరెంటు ఎక్కువ దిగుతుంది, తీగ ఎక్కువ కాలుతుంది, ఆవిరి ఎక్కువ వస్తుంది."

"మరి అంత కరెంటు పట్టుకొచ్చేదెవరు? మన కౌన్సిలరా?"

"సెల్లు."

ఆ సెల్లు కోసమే ఆంటీ మిల్లీ వచ్చింది. రోజుకి మూడుసార్లు కరెంటు పోతుంటే ఆమె పెన్ను ఛార్జి ఎక్కడం లేదు. రెండుసార్లు చేతిలో చిల్లర పట్టుకుని విడి సిగరెట్ కోసం వీధి చివరి ఇంటి కొట్టుదాకా నడిచి, తలుపు తట్టకుండా వెనక్కి వచ్చిందట. సెల్లు మార్చుకునే మెషీన్ అయితే ఒకటి లోపల, ఒకటి ఛార్జిలో ఉంటుంది.

వెరోనా అట్టపెట్టె మూత చింపి లెక్క రాసింది. నిండిన సెల్లు నాలుగూ పాయింట్ రెండు వోల్టులు. దాన్ని అర ఓమ్‌తో భాగిస్తే ఎనిమిదిన్నర ఆంపియర్లు, కాస్త తక్కువ. "ఇది మీరు అడిగేది. ఈ సెల్లు ఇవ్వగలిగేది దాని ఒంటి మీద రాసుంటుంది. ఇరవై అయిదు. మీరు అడిగేదానికి దాదాపు మూడింతలు. ఇచ్చేది అడిగేదానికంటే ఎప్పుడూ పెద్దదిగా ఉండాలి. ఇంతకు మించి మీరేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు."

"వెరోనా చెప్పిందంటే ఇక తిరుగు లేదాంటీ," అంటూ దుకాణం యజమాని డెల్విన్ వెనక గదిలోంచి రెండు సెల్లులు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ ఓ తుడిచే గుడ్డ. పసుపు తొడుగు వేసిన ఆ సెల్లుల మీద అక్షరాలు నల్లగా మెరుస్తున్నాయి. వెరోనా ఒక్కోదాన్ని వోల్టు మీటరుకి ఆనించింది. రెండూ సరిగ్గా ఉన్నాయి. ఒకటి మెషీన్లో పెట్టి, కాయిల్ బిగించి, ఆంటీకి నచ్చే కాఫీ వాసన ద్రవం నింపి, కాయిల్ లోపలి దూది తడవడానికి పది నిమిషాలు పక్కన ఉంచింది.

ఆంటీ మిల్లీ మొదటి దమ్ము లాగి, ఆవిరి పైకి వదిలి, దాన్నే చూస్తూ నిలబడింది.

"ఆదివారం మా ఇంటికి కూసిస్టర్లకి, అదే ఆ పాకం ఉండలకి, వచ్చి డబ్బులిచ్చావో, నీ గిన్నె పగలగొడతాను," అని వెళ్లిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆంటీ మిల్లీ కూతురు లిజెట్ వచ్చింది. చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బా. దాన్ని కౌంటరు మీద పెట్టి మూత తీసింది. లోపల మెషీన్ ఒక పక్క ఉబ్బి, నల్లగా మసిబారి ఉంది. కాలిన ప్లాస్టిక్ కంపు దుకాణమంతా పరుచుకుంది.

"మా అమ్మ కుడి అరచెయ్యి," అంది లిజెట్. గొంతు హెచ్చించలేదు. "వేళ్లదాకా. రాత్రి టీవీ చూస్తూ తాగుతుంటే చేతిలోనే బుసకొట్టింది. పొద్దున నాలుగింటి నుంచి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఇప్పుడే ఇంటికెళ్లాం."

వెరోనా చెయ్యి చాచి డబ్బా అందుకోబోయింది. డెల్విన్ ముందే అందుకున్నాడు.

"నేను చూస్తాను. ఇలాంటివి ఊరికే జరగవు. నువ్వు కూర్చోమ్మా, వెరోనా నీళ్లిస్తుంది," అని డబ్బాతో వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

పది నిమిషాల తర్వాత బయటికి వచ్చి మెషీన్ మూత విప్పి చూపించాడు. లోపల ఉన్న కాయిల్‌ని పట్టకారుతో తీసి మీటరు మీద పెట్టాడు. 0.15.

"చూశావా వెరోనా. నువ్విచ్చింది అర ఓమ్. ఇదేమో పాయింట్ ఒకటి అయిదు. భాగించి చెప్పు."

"ఇరవై ఎనిమిది," అంది వెరోనా. ఆ లెక్క నోటికి దానంతటదే వచ్చేసింది.

"సెల్లు ఇచ్చేది ఇరవై అయిదు. అడిగింది ఇరవై ఎనిమిది." లిజెట్ వైపు తిరిగాడు. "ఎవరో పక్కింటివాళ్లు ఆవిరి ఎక్కువొస్తుందని ఇచ్చి ఉంటారమ్మా. పెద్దవాళ్లు, చెప్పిన మాట వినరు. దుకాణం ఏం చేస్తుంది?"

లిజెట్‌కి ఆ అంకెలు అర్థం కాలేదు. వెరోనా ముఖంలోకి చూసింది. వెరోనా తల దించుకుంది. అది చాలింది లిజెట్‌కి. ఖాళీ డబ్బా కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం దాకా వెరోనా లోపల కోపం ఉడుకుతూనే ఉంది. అట్ట మీద రాసిచ్చింది. నోటితో చెప్పింది. తొమ్మిది వారాలుగా కళ్లలో పెట్టుకుని చూసుకున్న మనిషి ఎవరో ఇచ్చిన కాయిల్ బిగించుకోవడమేమిటి? దుకాణం మూశాక ఇంటికెళ్లే టాక్సీ ఎక్కకుండా ఆంటీ మిల్లీ ఇంటి వైపు నడిచింది. ఆగ్నేయపు గాలి ఇసకని ముఖాన కొడుతోంది.

ఆంటీ మిల్లీ వంటింటి మెట్టు మీద కూర్చుని ఉంది. కుడి చెయ్యి మోచేతిదాకా కట్టు. ఎడమ చేతిలో సిగరెట్.

దాన్ని చూడగానే వెరోనా అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఏంటి అలా చూస్తావు?" అంది ఆంటీ మిల్లీ. "ఇది నా చేతిలో ఎప్పుడూ పేలలేదు."

"ఆంటీ, ఆ కాయిల్ ఎవరిచ్చారు మీకు?"

"ఏ కాయిల్?"

"మార్చి వేరేది పెట్టారు కదా."

"నేనా?" ఆంటీ మిల్లీ సిగరెట్ బూడిద మెట్టు మీద రాల్చింది. "అమ్మాయ్, ఆ మెషీన్ ఎటువైపు తిప్పితే ఊడుతుందో కూడా నాకు తెలీదు. నువ్వు నింపిన కాఫీ ద్రవమే సగం అలాగే ఉంది. సెల్లు మార్చడానికి కూడా లిజెట్‌నే పిలవాలి."

లోపలినుంచి లిజెట్ వచ్చి, ఫోను వెరోనా ముఖం ముందు పెట్టింది. దుకాణం పేజీలో డెల్విన్ ఇలా రాశాడు. కస్టమర్లు సొంత ప్రయోగాలు చేస్తే ఏమవుతుందో ఈ ఫోటో చూడండి. మా వెరోనా ఆరెండ్‌సె ఎంత హెచ్చరించినా పట్టుబట్టి తక్కువ ఓముల కాయిల్ బిగించుకున్నారు. మీ ప్రాణాలు మీ చేతుల్లో ఉన్నాయి. కింద నూట నలభై మంది స్పందించారు. ఎవరో ముసలమ్మల గురించి జోకు వేశారు.

"ఇది నువ్వు చెప్పావా అక్కా?" అంది లిజెట్.

"లేదు."

"నీ పేరుంది."

వెరోనా గోడకి ఆనుకుంది. ఇందాక పట్టకారు చివర చూసిన కాయిల్ ఆమె కళ్ల ముందు మళ్లీ నిలిచింది. ఆ కాయిల్‌లో దూది తెల్లగా ఉంది. కాఫీ ద్రవం ఒక్క పూటలో దూదిని గోధుమ రంగుకి తిప్పేస్తుంది. ఆ దూది తడవనే లేదు. పొడిగా, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు ఉంది. అంకె మీదే ఉన్న చూపు దూది మీదికి పోలేదు.

శనివారం పొద్దున ఏడింటికల్లా తన దగ్గరున్న తాళంతో షట్టరు ఎత్తింది. డెల్విన్ తొమ్మిదింటికి గానీ రాడు. వెనక గదిలో చెత్తబుట్ట తిరగేస్తే మూడో కాగితం ఉండలో కాయిల్ దొరికింది. దూది గోధుమ రంగు. మీటరు మీద పెట్టింది. 0.50.

మెషీన్ షెల్ఫు కింద ఉంది. లోపలి సెల్లు చీలిపోయి, పసుపు తొడుగు కరిగి ఊడిపోయింది. ఆ పసుపు కింద ఇంకో తొడుగు తాలూకు ఆకుపచ్చ పేలిక రేకుకి అంటుకుని ఉంది.

సెల్లుకి రెండు తొడుగులు ఎందుకుంటాయి?

పక్కన అట్టపెట్టెలో కొత్త సెల్లులు అరవై దాకా ఉన్నాయి. ఒకటి తీసింది. చేతిసంచీలోంచి కుట్లు విప్పే చిన్న కొంకి కత్తి తీసింది. ఇదివరకు తను కుట్టుపని చేసిన బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున తెచ్చుకున్న ఒకే ఒక వస్తువు అది. సెల్లు పైకొస దగ్గర ఇనుము తగిలితే ప్రమాదమని ఆమెకి తెలుసు. అందుకే కింది కొసన, గోరంత మేర, చొక్కా అంచు విప్పినట్టు మెల్లగా తొడుగు కోసి మడత వెనక్కి తీసింది. అడుగున మధ్య భాగం ఉప్పుకాగితంతో రుద్దినట్టు మెరుస్తోంది. మడత కింద దాగిన అంచున మాత్రం రెండు చిన్న గుంటలు. వేలితో తడిమింది. గరుగ్గా తగిలాయి. పాత లాప్‌టాప్ బ్యాటరీలోంచి పీకినప్పుడు అతుకు ఊడిన గుర్తులు. అలాంటి సెల్లు నాలుగైదు ఆంపియర్లు ఇస్తే గొప్ప. దాన్ని తను ఆంటీ చేత ఎనిమిదిన్నర అడిగించింది.

రెండోది కోసింది. మూడోది. ఏడోది. అన్నింటికీ గుంటలున్నాయి.

ప్రతి సెల్లుకీ చుట్టిన పలచటి కాగితం మీద ఆకుపచ్చ బిళ్ల అంటించి ఉంది. 'పరీక్షించింది: వె. ఆరెండ్‌సె.' మెషీన్ల మీద అంటించడానికని ఆ బిళ్లల చుట్టల మీద తీరిక వేళల్లో తనే కూర్చుని సంతకాలు చేసింది. సెల్లుల మీద ఒక్కటి కూడా తను అంటించలేదు.

డెల్విన్ వచ్చేసరికి ఆమె ఆ ఏడు సెల్లులనీ కౌంటరు మీద వరసగా నిలబెట్టింది. పక్కన గోధుమ రంగు కాయిల్. అతను వాటిని చూశాడు. తుడిచే గుడ్డ అందుకుని అద్దం తుడవడం మొదలెట్టాడు.

"షట్టరు సగం దించు. కస్టమర్లు వస్తారు," అన్నాడు.

"ఎన్నాళ్లుగా అన్నా?"

"ఎనిమిది నెలలు. అసలు సరుకు రేవులోనే ఆగిపోతోంది. కరెంటు కోతలకి ఊరంతా సెల్లులు కావాలంటోంది. నేను లేవంటే అవతలి దుకాణానికెళ్లి ఇవే కొంటారు."

"ఆంటీ చెయ్యి కాలింది."

"తెలుసు. ఆసుపత్రి ఖర్చు ఏదో విధంగా నేను చూస్తాను. పేరు బయటికి రాకుండా."

"నా పేరు వచ్చింది కదా."

డెల్విన్ గుడ్డ మడతపెట్టాడు. అతని ముఖంలో కోపం లేదు. అదే ఆమెకి భరించరానిదిగా ఉంది. "నీ పేరు కాక ఎవరి పేరు పెట్టను వెరోనా? జనం నమ్మేది నిన్ను. నేను చెప్తే నమ్ముతారా?"

"ఓములు నేర్పించారు. వోల్టులు నేర్పించారు. దూది ఎంత దూర్చాలో, ద్రవం ఎంత చిక్కగా ఉండాలో, పక్కన కూర్చుని వేళ్లు పట్టుకుని నేర్పించారు." ఆమె ఒక సెల్లు ఎత్తి పట్టుకుంది. "దీని గురించి మాత్రం, ఒంటి మీద రాసిందే చదువుకో చాలు అన్నారు."

"అవును."

"అప్పటికే తెలుసా? నాకు నేర్పేటప్పటికే?"

"అప్పుడు సరుకు మంచిదే వచ్చేది," అన్నాడు డెల్విన్. తర్వాత కాస్త ఆగి, "ఎక్కువ భాగం," అన్నాడు.

వెరోనా తాళంచెవి వలయంలోంచి తీస్తుంటే గోరు విరిగింది. తాళాన్ని సెల్లుల వరస చివర పెట్టి బయటికి నడిచింది. అతను పిలవలేదు.

ఆదివారం పొద్దున ఆంటీ మిల్లీ గేటు ముందు ఎప్పటిలాగే జనం లైను కట్టారు. గిన్నెలు, టప్పర్‌వేర్ డబ్బాలు, నిద్ర ముఖాలు. లోపల లిజెట్ కూసిస్టర్లు వేయిస్తోంది. సోంపూ కమలాపండు తొక్కా వాసన వీధి మలుపుదాకా వస్తోంది. పాకంలో ముంచి కొబ్బరి కోరులో దొర్లించే పని ఆంటీ మిల్లీది. ఇవాళ ఆ పని ఎడమ చేత్తో చేస్తోంది. ఒక్కో ఉండకీ రెండింతల సేపు పడుతోంది. ఒకటి జారి నేల మీద పడింది. 

వెరోనా లైను తప్పించుకుని బల్ల దగ్గరికి వెళ్లింది. చేతిలో ఇసక పోసిన బకెట్టు, సంచీలో కొంకి కత్తి, కరెంటు పనికి వాడే టేపు. అందరూ వింటుండగానే చెప్పింది. కాయిల్ మార్చింది ఆంటీ కాదని, సెల్లులు పాతవని, తొడుగు కొత్తదని, చుట్టిన కాగితాల మీద తన సంతకం బిళ్లలున్నాయని చెప్పింది.

ఆంటీ మిల్లీ చేతిలో ఉన్న ఉండని కొబ్బరిలో దొర్లించడం పూర్తిచేసింది.

"నువ్వు తెలిసి ఇచ్చావా?"

"లేదు ఆంటీ."

"వాటి మీద సంతకం నీదే కదా."

"బిళ్లల మీద నేనే పెట్టాను. ఎక్కడ అంటించారో చూడలేదు."

"చూడాల్సింది."

"అవును."

ఆంటీ మిల్లీ ఆమెని చాలాసేపు చూసింది. ఆ చూపులో మెత్తదనమేమీ లేదు. పెదవుల మధ్య వెలిగించని సిగరెట్ ఉంది. "ఆ స్టూలు తీసుకుని గోడవార కూర్చో. లైనుకి అడ్డం రాకు," అంది.

వెరోనా కూర్చుంది. మొదట వచ్చినవాడు బుధవారం లైనులో నవ్విన టాక్సీ డ్రైవరు. జేబులోంచి మెషీన్ తీసి, సెల్లు ఊడదీసి ఇచ్చాడు. ఆమె అడుగు అంచు కోసి, మడత తీసి, గుంటలు చూపించి, టేపు చుట్టి ఇసకలో పెట్టింది. "ఇది నేనే అమ్మాను. నన్ను క్షమించు," అంది. అతను ఏదో బూతు మాట గొణిగి గిన్నె పట్టుకుని ముందుకి జరిగాడు. తర్వాత నర్సు యూనిఫారంలో ఉన్న ఒకామె. తర్వాత ఒక తండ్రీ కొడుకూ. కొందరు ఇంటికెళ్లి తెచ్చారు. ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పింది, ముఖంలోకి చూసి. పదిహేడు సెల్లులు కోసేసరికి ఇసక మీద పసుపు కొసలు కిక్కిరిసిపోయాయి.

అప్పుడు డెల్విన్ వచ్చాడు. చర్చికి వెళ్లే సూటులో ఉన్నాడు. ఎవరో ఫోను చేసి ఉంటారు. లైను పక్కగా నడిచి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"నాలుగేళ్లు అన్నం పెట్టిన చెయ్యి ఇది," అన్నాడు అందరికీ వినబడేలా. "జీతం పెంచమంది, పెంచలేదు. దానికి ఇదీ ఫలితం. ఎక్కడెక్కడి సెల్లులో తెచ్చి నా మీద రుద్దుతోంది. నేను తాగేది వేరేదా? నాదీ మీకు అమ్మిన పెట్టెలోంచి తీసిందే." కోటు లోపలి జేబులోంచి మెషీన్ తీసి, సెల్లు ఊడదీసి వెరోనా ఒళ్లో పెట్టాడు. పసుపు తొడుగు, నల్ల అక్షరాలు, అన్నీ మిగతావాటిలాగే ఉన్నాయి. "కొయ్యి. అందరికీ చూపించు."

వెరోనా కోసింది. మడత వెనక్కి తీసింది. చూసి, లేచి, దాన్ని ఆంటీ మిల్లీ ఎడమ చేతిలో పెట్టింది. బకెట్టులోంచి ఇంకోటి తీసి, టేపు విప్పి పక్కన పెట్టింది.

ఆంటీ మిల్లీ బొటనవేలికి అంటిన పాకం ఏప్రానుకి తుడుచుకుని, ముందు బకెట్టులోదాని అంచు తడిమింది. తర్వాత డెల్విన్‌ది తడిమింది. వేలు దాని చుట్టూ రెండుసార్లు తిప్పింది.

"నున్నగా ఉంది," అంది.

"నేను చెప్పలేదా," అన్నాడు డెల్విన్ లైను వైపు తిరిగి. "చూశారా? మంచి సరుకు."

 టాక్సీ డ్రైవరు బకెట్టులోని గుంటల సెల్లుల వైపు చూశాడు, తర్వాత ఆ ఒక్క నున్నటిదాన్నీ, అతన్నీ చూశాడు. నర్సు కూడా అలాగే చూసింది. తను ఏం రుజువు చేశాడో డెల్విన్‌కి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమైనాక, చాచి ఉన్న చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు టై ముడి సర్దుకున్నాడు.

ఆంటీ మిల్లీ వెరోనా దగ్గర టేపు అడిగి తీసుకుంది. ఒక చివర పళ్లతో పట్టుకుని, ఎడమ చేత్తో ఆ నున్నటి సెల్లు అంచున జాగ్రత్తగా చుట్టి, కొబ్బరి కోరు అంటిన వేళ్లతోనే అతని అరచేతిలో పెట్టింది.

"పదిలంగా ఉంచుకో బాబూ," అంది. "తర్వాత ఎవరు?"